చిన్న ఊళ్ళ యూదుల చరిత్ర: మనం చేయవలసిన పని

మన కళాశాల హాజరుపట్టీని ఒకసారి శ్రద్ధగా చదివితే ఒక చిత్రమైన సంగతి బోధపడుతుంది. ఒక వరుసలో యాఖూబ్, దాని క్రింద యాకోబు. ఒకచోట దావూద్, మరొకచోట దావీదు. మూసా, మోషే, ఇబ్రాహీం, అబ్రాహాము, యూసుఫ్, యోసేపు. ముస్లింల ఇంటి పిల్లవాడూ, క్రైస్తవుల ఇంటి పిల్లవాడూ ఒకే పేరును రెండు ఉచ్చారణలతో మోస్తూ ఒకే బల్లమీద కూర్చుంటారు. ఈ పేర్లు గోదావరి సీమకు రెండు దారులలో వచ్చినవి. 1324 నాటి పారశీక శాసనం గల రాజమహేంద్రవరం మసీదు ఒక దారికి గుర్తు. 1836లో బౌడెన్, బీర్ అనే మిషనరీలు వచ్చి నరసాపురం, పాలకొల్లు ప్రాంతాలలో స్థాపించిన గోదావరి డెల్టా మిషను రెండవ దారికి గుర్తు. దారులు వేరైనా, ఈ పేర్లను తరతరాలుగా కాపాడుకొన్న జాతి ఒక్కటే, అది యూదుజాతి. పేర్లు మన నాలుకలమీద ఉన్నవి. ఆ పేర్ల మూలజాతి మన తెలుగు నేలమీద కూడా బ్రతికినదనీ, నేటికీ బ్రతుకుతున్నదనీ మాత్రం మన విద్యార్థులలో ఎందరికి తెలుసు?

తెలుగు దేశానికి యూదులతో సంబంధం లేదనడం సరికాదు. గోల్కొండలో అబ్దుల్లా కుతుబ్ షా పాలించిన కాలంలో సర్మద్ అనే సూఫీ కవి హైదరాబాదులో ఉన్నాడు. అతడు పుట్టుకచేత యూదుడు; వర్తకం కోసం సింధుదేశానికి వచ్చి, ఫకీరై, దక్కనుకు చేరుకొన్నాడు. ‘దబిస్తానె మజాహిబ్’ అనే పారశీక గ్రంథ రచయిత అతడిని 1647లో హైదరాబాదులో కలుసుకొని, యూదుమతాన్ని గురించి అడిగి తెలుసుకొని వ్రాసుకొన్నాడు. సర్మద్ శిష్యుడు అభయ్‌చంద్ పారశీకంలోనికి అనువదించిన తౌరాతు మొదటి భాగంకూడా ఆ గ్రంథంలో చేరింది. పుట్టుకతో యూదుడైన గురువు, హిందువుగా పుట్టిన శిష్యుడు, పారశీక భాష, గోల్కొండ రాజ్యం — ఇన్నీ ఒక్కచోట కలిసిన ఆ ఘట్టాన్ని మన ఉర్దూ విద్యార్థులు తప్పక తెలుసుకోవాలి. ఔరంగజేబు కాలంలో సర్మద్ ఢిల్లీలో మరణదండన పొందాడు. జామా మసీదు సమీపంలోని అతని సమాధికి ఈనాటికీ జనం వెళుతూనే ఉన్నారు.

గోల్కొండ వజ్రాలు కూడా యూదు వర్తకులను మన వైపు రప్పించినవి. పదిహేడవ శతాబ్దం చివరలో లండను నుండి మదరాసుకు వచ్చిన యూదులు అక్కడ పగడాలు అమ్మి వజ్రాలు కొనేవారు. మదరాసులోని పగడాల వర్తకుల వీధి పేరు ఆ వ్యాపారానికి జ్ఞాపకంగా మిగిలింది.

అయితే ఇవన్నీ రాజధానుల కథలు, రేవుల కథలు, ధనవంతుల కథలు. వర్తకుడు లెక్కలు వ్రాస్తాడు. రాజు ఫర్మానా ఇస్తాడు. కవి గ్రంథంలో నిలుస్తాడు. వారి చరిత్రను ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు వెలికితీస్తారు. ఏ కాగితమూ పుట్టని చోట బ్రతికినవారి మాట ఏమిటి? నేను చెప్పదలచినది వారిని గురించి.

గుంటూరు జిల్లాలో చేబ్రోలు పేరు చరిత్ర విద్యార్థులకు కొత్త కాదు. అక్కడ దొరికిన శాతవాహన రాజు విజయుని సంస్కృత శాసనం క్రీ.శ. 207 నాటిదని పురాతత్వ శాఖవారు 2019లో ప్రకటించారు. ఆ చేబ్రోలుకు సమీపంలోనే కొత్తరెడ్డిపాలెం ఉన్నది. అక్కడ తెలుగే ఇంటిభాషగా గల ఒక చిన్న యూదు సముదాయం కలదు. తమను ‘బెనె ఎఫ్రాయీం’, అంటే ఎఫ్రాయీము సంతతివారు, అని చెప్పుకొంటారు. వీరిలో ఎక్కువమంది వ్యవసాయ కూలీలు. మాదిగ కులంనుండి, అందునా క్రైస్తవం స్వీకరించిన కుటుంబాలనుండి వచ్చినవారు. యాకోబీ సోదరుల నాయకత్వాన 1980ల చివరినుండి వీరు యూదుమతాన్ని బహిరంగంగా అవలంబించసాగారు. 1990ల ఆరంభంలో సమాజమందిరం కట్టుకొన్నారు. శనివారం విశ్రాంతిదినం పాటించడం, హీబ్రూ నేర్చుకోవడం, పస్కా పండుగ జరుపుకోవడం మొదలుపెట్టారు. దినకూలికి శనివారం పని మానడమంటే ఆ పూట కూలి వదులుకోవడమే. ఈ ఒక్క సంగతి తలచుకొంటే వారి విశ్వాసం వెల ఎంతో మనకు తెలుస్తుంది.

వీరు చెప్పుకొనే చరిత్ర ఇది: క్రీ.పూ. 722 ప్రాంతంలో అష్షూరు రాజులు ఇశ్రాయేలు రాజ్యాన్ని కూలద్రోసినపుడు చెదరిపోయిన పది గోత్రాలలో ఒకటి తిరిగి తిరిగి భారతదేశం చేరినది. తాము ఆ గోత్రంవారు. చనిపోయినవారిని పాతిపెట్టడం, పశుమాంసం తినడం మొదలైన తమ ఆచారాలను ప్రాచీన యూదాచారాల జాడలుగా వారు చూపుతారు. ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించాలి. ఏ ఆచారాలను చూపి ఊరు వారిని వెలివాడకు నెట్టినదో, ఆ ఆచారాలనే వారు తమ ప్రాచీన గౌరవానికి సాక్ష్యంగా నిలబెట్టారు. అవమానంగా అంటగట్టినదాన్ని ఆస్తిగా మార్చుకొన్నారు. ఇది మామూలు విషయం కాదు.

“వారు చెప్పేది నిజమని ఋజువేమిటి?” అని ఎవరైనా అడగవచ్చు. అడగవలసినదే. రెండువేల ఏడువందల ఏండ్ల నాటి వలసకు శాసనం లేదు, తాళపత్రం లేదు. తెలుగుకూ హీబ్రూకూ చుట్టరికం ఉన్నదని సముదాయ పెద్దలు చేసిన వాదాన్ని భాషాశాస్త్రం అంగీకరించదు. తెలుగు ద్రావిడ కుటుంబానికి చెందినదని 1816లోనే ఎల్లిస్ దొర నిరూపించాడు. హీబ్రూ మన అరబ్బీకి తోబుట్టువైన సెమిటిక్ భాష. తెలుగు బోధించే నేను ఈ మాట దాచలేను. ఇశ్రాయేలు ప్రభుత్వం కూడా మణిపూరు, మిజోరంలలోని బ్నేయి మెనాషే వారిని గుర్తించినట్లు వీరిని గుర్తించలేదు.

కాని మన ప్రశ్న వేరు. ఋజువు దొరికేదాకా చరిత్ర వ్రాయకుండా ఆగాలా? నా అభిప్రాయంలో ఆగకూడదు. క్రీ.పూ. 722లో ఏమి జరిగినదో కొత్తరెడ్డిపాలెం చెప్పలేకపోవచ్చు. కాని 1990లలో తెలుగు పల్లెలో ఒక దళిత సముదాయం తన ప్రార్థన దినాన్ని ఎందుకు మార్చుకొన్నది, ఆ మందిరం కట్టడానికి ఇటుకలు ఎవరు మోశారు, మొదటి హీబ్రూ అక్షరం ఎవరు ఎవరికి నేర్పారు, పండుగనాడు ఏ పాట పాడారు, చుట్టాలు ఏమన్నారు, భూస్వామి ఏమన్నాడు — ఇవన్నీ మన కళ్ళయెదుట జరిగిన చరిత్ర. దీనికి సాక్షులు ఉన్నారు. వారు వృద్ధులవుతున్నారు. ఎక్కడినుండి వచ్చారన్న తర్కంలో పడి, ఎలా బ్రతికారన్న విషయం వ్రాయకుండా వదిలివేస్తే రెండూ పోతాయి.

ఈ పని కొంత జరిగింది. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అనే మానవశాస్త్ర పండితులు ఆ సముదాయం మధ్య పరిశోధన చేసి 2013లో ఆంగ్లంలో గ్రంథం ప్రచురించారు. అందులో ఒకరు మన దేశపు ముస్లిం కావడం మనం గమనించదగినది. అయినా తెలుగు మాట్లాడే యూదుల వివరాలు తెలుగు విద్యార్థి ఆంగ్ల గ్రంథంలో వెదుక్కోవలసి రావడం మనకు గౌరవం కాదు.

ప్రభుత్వ పత్రాలమీద ఆధారపడితే ఇటువంటివారి జాడ దొరకడం కష్టం. జనాభా లెక్కల ప్రధాన పట్టికలలో యూదులు ‘ఇతర మతములు’ అనే గదిలో కలిసిపోతారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, దానికి తరువాత వచ్చిన సవరణల ప్రకారం హిందువులు, సిక్కులు, బౌద్ధులు మాత్రమే షెడ్యూల్డు కులాలవారుగా లెక్కకు వస్తారు. కనుక ఒక దళితుడు తన మతం వేరని కాగితంమీద వ్రాసుకొంటే పిల్లల చదువుకూ ఉద్యోగానికీ ఉన్న ఆసరా పోతుంది. కేంద్ర ప్రభుత్వపు అల్పసంఖ్యాక మతాల జాబితాలో ఆరు మతాలున్నవి; యూదుమతం లేదు. మహారాష్ట్ర ప్రభుత్వం 2016లో తన రాష్ట్రపు యూదులకు ఆ హోదా ఇచ్చింది. అల్పసంఖ్యాకులలోకెల్లా అల్పసంఖ్యాకులైనవారు పట్టికలోనే లేనపుడు, రేపటి చరిత్రకారుడు దస్త్రాలు తిరగవేసి “అటువంటివారెవరూ లేరు” అని వ్రాస్తే తప్పు అతనిది కాదు, మనది.

చిన్న ఊళ్ళ చరిత్ర ఎలా నిలుస్తుందో, ఎలా పోతుందో ఇతర ప్రాంతాలు మనకు నేర్పుతాయి. కొంకణ తీరంలో బెనె ఇశ్రాయేలులు పల్లెలలో గానుగ ఆడేవారు. శనివారం గానుగ కట్టరు గనుక చుట్టుప్రక్కలవారు వారిని ‘శనివార్ తేలీ’లు అనేవారు. ఆ రెండు మాటలే వందల ఏండ్లు వారి చరిత్రను మోసినవి. పెణ్ ఊరివారు పెణ్‌కర్ అనీ, రోహా ఊరివారు రోహేకర్ అనీ తమ పల్లెలను ఇంటిపేర్లలో దాచుకొన్నారు. తుదకు వారిలోనే హయీం సామ్యూల్ కెహిమ్‌కర్ అనే ఆయన కూర్చుండి తన జనుల చరిత్ర వ్రాశాడు. 1897లో పూర్తి అయిన ఆ గ్రంథం 1937లో గాని అచ్చు కాలేదు. నలభై ఏండ్లు వ్రాతప్రతిగానే ఉండిపోయింది. ఆయన ఆనాడు వ్రాయకపోయి ఉంటే 1937లో అచ్చువేయడానికి ఏమి ఉండేది?

కేరళలో కొచ్చి సినగాగును చూడడానికి దేశదేశాలవారు వస్తారు. 1568లో కట్టిన ఆ మందిరానికి ఆదరణ లోటు లేదు. చేందమంగళం వంటి చిన్న ఊరి సంగతి అలా కాదు. ఆ ఊళ్ళో దేవాలయం, మసీదు, చర్చి, సినగాగు ఒకదానికొకటి దగ్గరగా ఉన్నవి. 1269 నాటి హీబ్రూ సమాధిశిల ఒకటి అక్కడ కలదు. యూదులు ఇశ్రాయేలుకు వెళ్ళిపోయిన తరువాత శిథిలమైన ఆ మందిరాన్ని ప్రభుత్వం బాగుచేయించి ప్రదర్శనశాలగా మార్చింది. మాళ అనే మరొక చిన్న ఊరిలో యూదులు 1955లో వెళ్ళిపోతూ తమ మందిరాన్నీ శ్మశానాన్నీ స్థానిక పంచాయతీకి అప్పగించారు. తాళంచెవి పొరుగువారి చేతిలో పెట్టి వెళ్ళడమంటే అదే. పోయేవారు నమ్మి అప్పగించినపుడు ఉండేవారికి ఒక బాధ్యత మీద పడుతుంది.

ఈ బాధ్యతను ముస్లింలు ఎలా నెరవేర్చారో కలకత్తా చెబుతుంది. అక్కడ యూదుల సంఖ్య వ్రేళ్ళమీద లెక్కించదగినంతకు తగ్గిపోయింది. 1884లో కట్టిన మాగెన్ డేవిడ్ మొదలైన సినగాగులను ఊడ్చి, తుడిచి, దీపం పెట్టి కాపాడుతూ వచ్చినవారు తరతరాలుగా ముస్లిం కుటుంబాలవారు. 1881లో స్థాపించిన యూదు బాలికల పాఠశాలలో నేడు చదివే పిల్లలలో అత్యధికులు ముస్లిం బాలికలే. కొచ్చిలో పేరుపొందిన ఒక యూదు వృద్ధురాలు 2019లో మరణించిన పిమ్మట ఆమె కుట్టుపని దుకాణాన్ని ఆమె జ్ఞాపకార్థం నడుపుతూ వచ్చినది ఒక ముస్లిం. వీరెవరూ ఉపన్యాసాలు ఇవ్వలేదు. తమకు అప్పగించిన పని చేశారు.

కొందరికి ఇక్కడ ఒక సందేహం రావచ్చు. “పాలస్తీనాలో అంతటి రక్తపాతం చూస్తున్నాము. ఈ సమయంలో యూదుల చరిత్ర గురించి మనకెందుకు?” అని. పాలస్తీనా ప్రజల దుఃఖం నా దుఃఖం కాదని నేను అనను. ఒక రాజ్యం చేసే అన్యాయాన్ని ఖండించడం మన హక్కు. కాని ఆ రాజ్యపు లెక్కను కొత్తరెడ్డిపాలెంలో నారు నాటే కూలి ఖాతాలో వ్రాయడం ఏ న్యాయం? ఎక్కడో ఎవరో చేసినదానికి ఇక్కడ మనలను నిలదీసినపుడు మనకు ఎలా ఉంటుందో మనకు బాగా తెలుసు. మనకు ఒప్పని కొలతతో ఇతరులను కొలవరాదు. యూదుని శవయాత్ర ఎదురైనపుడు మన ప్రవక్త లేచి నిలబడ్డారనీ, “అతడు యూదుడు కదా” అన్నవారితో అతడూ ఒక ప్రాణియే కదా అని అన్నారనీ హదీసు చెబుతుంది. పోయినవారికి లేచి నిలబడిన సంప్రదాయంలోనివారము. ఉన్నవారి మాట వినడానికి కూర్చోలేమా?

మరొకటి. “మీరు ఎక్కడినుండి వచ్చారు?” అన్న ప్రశ్న మనకు కొత్త కాదు. అరబ్బులా, తురకలా, ఇక్కడివారేనా అని మనలను అడిగినవారు ఎందరో. కోస్తా జిల్లాల దూదేకులవారిని చూడండి. ఇంట తెలుగు మాట్లాడతారు. మసీదులో నమాజు చేస్తారు. దూది ఏకే వృత్తివల్ల ఆ పేరు వచ్చినది. కొంకణ యూదునికి గానుగ ఎట్లో, కోస్తా ముస్లింకు దూది అట్లు. ఇద్దరినీ ఊరు వృత్తితోనే గుర్తించింది. ఇద్దరి వంశమూలాలమీదా వాదాలు జరిగినవి. ఇద్దరి దైనందిన జీవితమూ చాలవరకు వ్రాతకు ఎక్కలేదు. పిఠాపురంలో ఉమర్ ఆలీషా కవి (1885–1945) వంటి మహనీయుడు తెలుగులో కావ్యాలు వ్రాశాడు గనుక ఆయన పేరు సాహిత్య చరిత్రలో నిలిచింది. ఆయన కాలంలోనే ఆ ఊళ్ళలో దూది ఏకిన, పడవ నడిపిన, ఇత్తడి గిన్నెలకు కళాయి పోసిన ముస్లింల పేర్లు ఎక్కడ ఉన్నవి? అందుచేత యూదుల చరిత్రను కాపాడడం పరోపకారం కాదు. ఏ కొలమానంతో వారి చరిత్ర వ్రాయదగినదో, ఆ కొలమానంతోనే మన చరిత్రకూడా వ్రాయదగినది అవుతుంది.

కాగితం విలువ యూదులకు తెలిసినంతగా మరెవరికీ తెలియదేమో. దేవుని నామం ఉన్న కాగితాన్ని వారు పారవేయరు. మందిరంలో ఒక గదిలో వేసి ఉంచుతారు. కైరోలోని ఒక పాత సినగాగులో అలా వేసిన కాగితాలు దాదాపు వేయి ఏండ్లు పోగుపడినవి. 1896–97లో అవి పండితుల చేతికి రాగా, లక్షలాది ముక్కలలో ప్రార్థనలే గాక ఉత్తరాలు, పద్దులు, అప్పుపత్రాలు, మంగళూరులో ఉండి వ్యాపారం చేసిన పన్నెండవ శతాబ్దపు అబ్రాహాము బెన్ యిజూ అనే యూదు వర్తకుని జాబులు బయటపడినవి. అవి హీబ్రూ లిపిలో వ్రాసిన అరబ్బీ మాటలు. చిరిగిన ఖురాన్ పుటలను పారవేయక దాచి, భూమిలోనో పారే నీటిలోనో కలిపే ఆచారం మనకూ ఉన్నది. ఆచారం మంచిదే. కాని ఆ మూటలో ఖురాన్ పుటతోపాటు తాతగారి ఉర్దూ ఉత్తరం, పాత నికానామా, మసీదు పద్దు పుస్తకం కూడా కలిసి గోదావరిలోనికి పోతున్నవి. పవిత్రమైన పుటను సాగనంపేముందు ప్రక్కనున్న కాగితాన్ని ఒకసారి చదవడం తప్పు కాదు.

ఇక కళాశాల సంఘంవారికీ, విద్యార్థులకూ నా విన్నపం. ఇందుకు భవనం అక్కరలేదు, పెద్ద నిధి అక్కరలేదు. గ్రంథాలయంలో తాళం గల బీరువా ఒకటి, మంచి కాగితపు దస్త్రాలు కొన్ని, మాట ముద్రించే యంత్రం ఒకటి చాలును. నేడు ఆ యంత్రం ప్రతి విద్యార్థి జేబులోనూ ఉన్నది. 1922లో రాజమహేంద్రవరంలోనే ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పుట్టింది. శాసనాలు వెదకి చదివే ఆ సంప్రదాయం మన ఊరిది. రాతిని చదివిన ఊరు మనిషి మాటనుకూడా చదవగలదు.

పని ఇంటినుండి మొదలుపెట్టవచ్చు. సెలవులకు ఊరికి వెళ్ళే ప్రతి విద్యార్థీ ఒక్క పెద్దమనిషి దగ్గర కూర్చుండి ఆయన చెప్పినది ఆయన మాటలలోనే వ్రాసి తేవాలి. మసీదు గోడమీది శాసనం, శ్మశానంలోని పేర్లు, ఇంటి పెట్టెలోని ఉత్తరం నకలు తీయాలి. ఇందులో చేయి తిరిగినవారిని ఉపాధ్యాయుల వెంట, ఆ సముదాయపు పెద్దల అనుమతితో, కొత్తరెడ్డిపాలెం పంపవచ్చు. అక్కడికి వెళ్ళేవారు కొన్ని నియమాలు పాటించాలి. వినడానికి వెళ్ళాలి, పరీక్షించడానికి కాదు. చెప్పినది చెప్పినట్లు వ్రాసి, అది ఎవరు చెప్పినదో, ఏ తేదీన చెప్పినదో చేర్చాలి. వారి నమ్మకాన్ని నమ్మకంగానూ, చూచినదాన్ని చూచినట్లుగానూ వేరువేరుగా ఉంచాలి. వద్దన్నది వ్రాయరాదు. వ్రాసినదాని ప్రతి ఒకటి ముందుగా వారికే ఇవ్వాలి; ఎందుకంటే ఆ చరిత్ర వారిది, మనం లేఖకులము మాత్రమే.

ఆ పని చేసిన మొదటి విద్యార్థి పేరు యాఖూబ్ కావచ్చు, యాకోబు కావచ్చు. అతడు అక్కడ యాకోబీ అనే ఇంటిపేరు వినగానే అది ఎక్కడిదో ఎవరూ విడమరచి చెప్పవలసిన అవసరం ఉండదు. వచ్చే సంచికలో ఈ పుటలలో నా అభిప్రాయానికి బదులు అతడు వ్రాసి తెచ్చినది అచ్చుకావాలని కోరుతున్నాను.